సున్నా తీసిన రోజు

డాక్టర్ మజ్జి దివాకర్ తన జీవితంలో ఎవరి మీదా గొంతెత్తి ఎరగడు. ఈ సంగతి ఆయనే చెప్పుకునేవాడు, అదీ తరచుగా. భీమిలి దారిలో సముద్రానికి ఎదురుగా ఉన్న అగాధ పరిశోధన కేంద్రానికి ఆయన డైరెక్టరు. కొత్తగా చేరినవాళ్లని మొదటిరోజు తన గదిలో కూర్చోబెట్టి, టీ తెప్పించి, "ఇక్కడ అరుపులూ కేకలూ ఉండవు. నాకు పడవు. మీ మనసులో ఏముంటే అది నాతో చెప్పేయొచ్చు," అనేవాడు. ఎంత మంచి ఆఫీసరు దొరికాడో అని వాళ్లు పొంగిపోయేవాళ్లు. ఆ పొంగు ఓ నెలలో దిగిపోయేది. ఎందుకు దిగిపోయేదో ఆ భవనంలో ఆయనకి తప్ప అందరికీ తెలుసు.

ఆయన కోపం కళ్లజోడులో ఉండేది. ఎవరైనా తనకి నచ్చని మాట అంటే, మెల్లిగా కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో రెండు అద్దాలూ తుడిచి, మళ్లీ పెట్టుకుని, చిరునవ్వుతో "సరే, మీ ఇష్టం" అనేవాడు. అంతే. ఆ తర్వాత కొన్నాళ్లపాటు ఆ మనిషి ఆయన కంటికి ఆనేవాడు కాదు. పలకరింపు ఉండదు. మీటింగులో ఆయన చూపు ఆ కుర్చీని దాటుకుని పోతుంది. అతని పని చప్పుడు లేకుండా ఇంకొకరి చేతికి వెళ్లిపోతుంది. మళ్లీ ఓ రోజు ఏమీ జరగనట్టే "ఏమయ్యా, బావున్నావా?" అని ఆయనే అడుగుతాడు. తిట్లు తిన్నవాడికి ఇంటికెళ్లి పెళ్లాంతో చెప్పుకోడానికి కనీసం ఓ తిట్టయినా మిగులుతుంది. వీళ్లకి అదీ లేదు.

ఇదంతా ఆయన కావాలని చేసేవాడంటే అన్యాయమే అవుతుంది. తను కోపాన్ని దిగమింగుతున్నాననీ, అది మామూలువాళ్లకి చేతకాని నిగ్రహమనీ ఆయన మనసారా నమ్మాడు. అలాంటి మనిషి తయారు చేయించిన యంత్రం పేరు తోడుగుండె.

చూడ్డానికి అది రూపాయి బిళ్లంత ఉంటుంది. ఛాతీ మీద ఎడమవైపు అతికించుకోవాలి. చుట్టూ పది పదిహేను అడుగుల్లో ఉన్న మనుషుల ఊపిరినీ, చర్మం కింద నాడి అదురునీ గాలిలోంచే పట్టుకుని, వాళ్లు ఎంత కంగారుగా ఉన్నారో పెట్టుకున్నవాడి ఛాతీకి చెబుతుంది. పక్కవాళ్లు నిమ్మళంగా ఉంటే బిళ్ల కదలదు. భయపడితే తడుతుంది. భయం పెరిగేకొద్దీ దెబ్బ గట్టిపడుతుంది.

సముద్రం అడుక్కి దిగే ఉక్కు గోళంలో ఇద్దరే కూర్చుంటారు. ఒకరు నాయకుడు, రెండోవారు సహాయకులు. అంత లోతులో "బానే ఉన్నాను" అని నోరు అలవాటుగా అనేస్తుంది, నిజం గుండెకే తెలుస్తుంది. నాయకుడికి ఆ గుండె వినిపించాలి. తన మాట, తన మౌనం పక్కమనిషిని ఏం చేస్తున్నాయో అప్పటికప్పుడు తెలియాలి. తెలిస్తే తనని తాను సర్దుకుంటాడు. ఈ ఆలోచన దివాకర్‌దే. "నాయకుడికి ముందు తనెలాంటివాడో తనకి తెలియాలండీ, మిగతావన్నీ తర్వాత," అని ఆయన ఎక్కడ ఉపన్యాసమిచ్చినా చప్పట్లు మారుమోగేవి.

బిళ్ల తయారయ్యాక దానికి సున్నా తీయాలి. కూరగాయలు తూచేముందు తక్కెడ ముల్లు సరిచూసుకోమూ, అలాంటిదే. మనుషులు మామూలుగా ఉన్నప్పుడు గుండె ఎలా కొట్టుకుంటుందో కొలిచి, అదే సున్నా అని యంత్రానికి నేర్పాలి. అంతకు మించితేనే అది భయమని గుర్తుపడుతుంది.

సున్నా తీసే రోజు పొద్దున్నే ల్యాబులో అందరినీ కూర్చోబెట్టారు. రోజూ చేసుకునే పనే చేసుకోమన్నారు. దివాకర్ తన గదిలోంచి కుర్చీ తెచ్చుకుని సరిగ్గా మధ్యలో వేసుకున్నాడు.

"డైరెక్టరు పక్కకి పోయి కూర్చుంటే ఏం బావుంటుంది? నేనూ మీలో ఒకణ్ణే కదా," అన్నాడు.

పీతా చేపా అని తనెప్పుడూ చెప్పే జోకు ఒకటి చెప్పాడు. అందరూ ఒక్కసారే నవ్వారు, ఒక్కసారే ఆపేశారు. ఆ తర్వాత గదిలో కీబోర్డుల చప్పుడు, ఏసీ హోరు. ఎంత క్రమశిక్షణ, ఎంత ప్రశాంతత అనుకున్నాడు దివాకర్. మూలన పాలవలస ఇందుమతి తెర మీద గీతల్ని చూస్తోంది. బిళ్ల లోపలి పనంతా చేసిన ఇంజనీరు ఆమే. శ్రీకాకుళం అమ్మాయి, పని విషయంలో మొండిది, మాట ఆచితూచి వాడే మనిషి. గీతలు ఆమెకి నచ్చలేదు.

కొలత అయిపోయాక ఆమె దగ్గరికొచ్చింది. "సార్, సున్నా మనవాళ్ల మీద ఒక్కటే కాకుండా, ఓసారి బయటివాళ్ల మీద కూడా తీస్తే మంచిదేమో అనిపిస్తోంది. రీడింగు కొంచెం ఎత్తుగా వచ్చింది."

"ఎత్తుగా అంటే?"

"అంటే... మామూలు మనుషులకి ఉండాల్సినదానికన్నా సార్."

"అయితే మనవాళ్లు మామూలు మనుషులు కాదంటావా?" నవ్వుతూనే అన్నాడు. ఆ తర్వాత కళ్లజోడు తీశాడు. చొక్కా అంచుతో ఒక అద్దం తుడిచాడు, రెండోదీ తుడిచాడు. "సరే అమ్మా, మీ ఇష్టం."

ఇందుమతి ఆ చేతులవంకే చూస్తూ నిలబడింది. "వద్దులెండి సార్. ఇదే ఉంచేద్దాం."

చూశావా, పూర్తి స్వేచ్ఛ ఇస్తే మనుషులే సరైన నిర్ణయానికి వస్తారు అనుకున్నాడు దివాకర్. సంతోషంగా మొదటి బిళ్ల తనే అతికించుకుని ఇంటికెళ్లాడు.

ఇంట్లో భార్య కుసుమ చారు పోపు పెడుతోంది. కూతురు మృదుల ఇంజనీరింగు రెండో సంవత్సరం. భోజనాల దగ్గర ఆ పిల్ల అన్నం కెలుకుతూ, "నాన్నా, నాకీ ఇంజనీరింగు మీద మనసు నిలవడంలేదు. మళ్లీ పరీక్ష రాసి పశువైద్యం చదువుదామనుంది," అంది.

దివాకర్ కళ్లజోడు తీశాడు. తుడిచాడు. "సరే తల్లీ, నీ ఇష్టం."

మృదుల తల్లివైపు చూసింది. తల్లి చారుగిన్నెవైపు చూసింది. "ఊరికే అన్నాన్లే నాన్నా," అంది మృదుల.

ఆయన చొక్కా మీద నుంచే బిళ్లని తడుముకున్నాడు. కదలలేదు. "కుసుమా, దీన్ని ల్యాబులో సున్నా తీసి తెచ్చాను. చూడు, మనింట్లో చలనమే లేదు. ఎంత నిమ్మళంగా ఉందో మనిల్లు!"

"అవునండీ," అంది కుసుమ. "ఇంకాస్త చారు వేసుకోండి."

గోళం దిగేరోజు సముద్రం నూనెలా నిలకడగా ఉంది. ఓడ మీద మైకు ముందు దివాకర్ కూర్చున్నాడు. గోళంలో నాయకుడు షేక్ నజీర్. పదేళ్లుగా కేంద్రంలో ఉన్నవాడు, రంజాన్‌కి దివాకర్ ఇంటికి సేమియా పట్టుకెళ్లేంత చనువున్నవాడు. అతని ఛాతీ మీద తోడుగుండె. పక్కన లంక పావని. తీరంలో వేటకెళ్లే కుటుంబం నుంచి వచ్చిన పిల్ల, ఈతలో మగపిల్లల్ని ఏడిపించేది. అంత లోతుకి దిగడం ఆమెకి ఇదే మొదటిసారి. ఇద్దరికీ ఎవరి శ్వాస తొడుగు వాళ్లకుంది.

అడుగుకి చేరారు. మట్టి తీయడం మొదలుపెట్టారు. కాసేపటికి పావని గొంతు వినిపించింది.

"సార్, కొద్దిగా తలనొప్పిగా ఉందండి. పైకొచ్చేద్దామా అని..."

ఓడ మీద దివాకర్ కళ్లజోడు తీశాడు. ఈ మట్టి కోసం ఎంతకాలంగా ఎదురుచూశామో ఈ పిల్లకి తెలియదు కాబోలు అని దివాకర్ మనసులో చిరాకుపడ్డాడు. చిరాకుని ఎప్పట్లాగే దిగమింగాడు. "సరే అమ్మా," అన్నాడు మెత్తగా. "మీ ఇష్టం."

అంత లోతులో ఉన్న పావనికి ఆ కళ్లజోడు కనిపించలేదు. కనిపించక్కర్లేదు కూడా. "లేదండి సార్, పర్లేదు. ఉండగలను," అంది.

"నజీర్, నీకేమనిపిస్తోంది?"

నజీర్ ఛాతీ మీద చెయ్యి పెట్టి చూసుకున్నాడు. "బిళ్ల కదల్లేదు సార్. నిమ్మళంగానే ఉంది. ఏం పావనీ, బానే ఉన్నావా?"

"బానే ఉన్నానన్నా."

బానే లేదు. ఆమె తొడుగులో గాలిని శుభ్రం చేసే జల్లెడ మూసుకుపోయింది. వదిలిన ఊపిరినే మళ్లీ పీలుస్తోంది. గుండె దడదడ కొట్టుకుంటూనే ఉంది. బిళ్ల మటుకు నిద్రపోతున్న పిల్లిలా నజీర్ ఛాతీ మీద పడుంది. మట్టి నాలుగో గొట్టంలోకి ఎక్కిస్తుండగా ఆమె ముందుకి వాలిపోయింది. "సార్! పావని పడిపోయింది సార్!" అన్న నజీర్ కేక ఓడంతా వినిపించింది.

బతికింది. అంతే చెప్పగలిగారు డాక్టర్లు. ఎడమచెయ్యి మాట వినడంలేదు. నోట్లో మాట తడబడుతోంది. ఏది ఎంత తిరిగొస్తుందో ఇప్పుడే చెప్పలేమన్నారు.

విచారణ సంఘం కూర్చుంది. బిళ్లని విప్పి చూశారు, తిప్పి చూశారు. ఏ తీగా తెగలేదు, ఏ లెక్కా తప్పలేదు. అధ్యక్షుడు దివాకర్‌కి పాత స్నేహితుడు. ఫోన్‌లో, "సున్నా తీసిందెవరండీ?" అని అడిగాడు.

"ఇందుమతి. సున్నా తీసిన కాగితం మీద సంతకం ఆవిడదే," అన్నాడు దివాకర్. అది నిజమే. నిజం కాబట్టి ఆయనకి ఏమీ అనిపించలేదు. మర్నాడు ఇందుమతి రాజీనామా కాగితం బల్ల మీద ఉంది. "అయ్యో," అనుకుని ఆయన కళ్లజోడు తుడుచుకున్నాడు.

ఆ వారమే పావనిని చూడ్డానికి ఆస్పత్రికి వెళ్లాడు. కొబ్బరిబోండాలు పట్టుకెళ్లాడు. ఆయన గుమ్మంలో కనిపించగానే ఆ పిల్ల మంచం మీద లేచి కూర్చోబోయింది. ఎడమచెయ్యి సాయం రాక ఒరిగిపోయింది.

"లెగకే తల్లీ, డాట్రుగారు లెగొద్దన్నారు గదా," అంది వాళ్లమ్మ పట్టుకుంటూ.

"సారీ... సార్," అంది పావని. ఒక్కో మాట వెతుక్కుంటోంది. "నా వల్ల... డైవంతా... పాడైపోనాది."

 చెయ్యి పడిపోయిన పిల్ల దివాకర్‌కే క్షమాపణ చెబుతోంది. "అలా అనకమ్మా," అని మాత్రం అని, బోండాలు కిందపెట్టి బయటికొచ్చేశాడు.

నడవాలో బల్ల మీద ఇందుమతి కూర్చునుంది. చేతిలో పావనికి తెచ్చిన జావ డబ్బా. ఆయన్ని చూసి లేవలేదు. ఆమె లేవకపోవడం ఆయన చూడటం అదే మొదటిసారి.

"అసలు పొరపాటు ఎక్కడ జరిగింది ఇందుమతీ?" అన్నాడు. "యంత్రం బావుందంటున్నారు. మరి ఆ పిల్ల గుండె దానికెందుకు వినపడలేదు?"

"వినపడింది సార్. మామూలే అనుకుంది." ఆమె డబ్బా మూత బిగిస్తూ చెప్పింది. "ఆ రోజు పావని గుండె ఎంత కొట్టుకుందో తీసి చూశాను. మన ల్యాబులో రోజూ కొట్టుకునేంతే కొట్టుకుంది."

దివాకర్‌కి అర్థం కాలేదు.

"సున్నా తీసినప్పుడు మీరు గదిలో ఉన్నారు సార్. నడిమధ్యన కూర్చున్నారు. మీరుంటే మా అందరి గుండెలూ అలాగే ఉంటాయి. ఆ భయాన్నే సున్నా అని నేర్పాం దానికి. ఊపిరాడకపోతున్న మనిషీ, మీ ఎదురుగా కూర్చున్న మేమూ దానికి ఒకటే."

"నేనా?" అన్నాడు దివాకర్. "నేను... ఎప్పుడైనా ఎవరి మీదైనా అరిచానా?"

"లేదు సార్. అరిచుంటే బావుండేది. అరిచేవాళ్ల కోపం ఎక్కడ మొదలైందో, ఎక్కడైపోయిందో తెలుస్తుంది." ఆమె అప్పుడు తలెత్తి చూసింది. "నాకు తెలుసు సార్ ఆ రోజే. రీడింగు ఎత్తుగా ఉందని చెప్పాను. మీరు కళ్లజోడు తీశారు. నేను నోరు మూసుకున్నాను. నా తప్పూ ఉంది. అందుకే నా సంతకం చూపించి తప్పు నాదన్నా ఎదురు చెప్పలేదు."

ఆయన చెయ్యి కళ్లజోడు మీదికి వెళ్లింది. ఇందుమతి చూపు ఆ చేతి వెంటే వెళ్లింది. కోతి చేతిలో రాయిని చూసినట్టు చూసింది. చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. తన చేతిని ఇంకొకరు అలా చూస్తారని యాభై రెండేళ్లలో ఆయనకి తెలియదు.

"మళ్లీ తీస్తావా సున్నా?" అన్నాడు. "నేను లేకుండా."

మర్నాడు పొద్దున, ఈ ఒక్క పనికని వచ్చిన ఇందుమతి అందరినీ ల్యాబులో కూర్చోబెట్టి తలుపు వేసింది. దివాకర్ బయట, సరుగుడు చెట్ల కింద క్యాంటీను బల్ల మీద కూర్చున్నాడు. మొదట ఏమీ వినపడలేదు. కాసేపటికి లోపల ఎవరో ఏదో అన్నారు. ఎవరో పగలబడి నవ్వారు. ఇంకెవరో "ఒరే, పని చెయ్యండ్రా" అన్నారు, మళ్లీ నవ్వులు. ఒక్కసారే మొదలై ఒక్కసారే ఆగే నవ్వు కాదది. ఒకరి నవ్వు అయిపోతుంటే ఇంకొకరిది అందుకుంటోంది. ఈ భవనం తను కట్టించాడు. ఇందులో ఇలాంటి నవ్వుందని తనకే తెలియలేదు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. దారినపోయే క్యాంటీను కుర్రాడు చూస్తాడేమోనని తల సముద్రంవైపు తిప్పుకున్నాడు.

ఇందుమతి కొత్త సున్నా వేసిన బిళ్ల తెచ్చిచ్చింది. "పెట్టుకోకపోయినా పర్లేదు సార్," అంది. పెట్టుకున్నాడు. తలుపు తోశాడు.

"రండి సార్, రండి," అన్నారు అందరూ. మొహాలన్నీ నవ్వుతున్నాయి. ఛాతీ మీద మాత్రం పిడికిలితో తలుపు బాదినట్టు దెబ్బలు. దివాకర్ ఒక అడుగు వెనక్కి వేశాడు. దెబ్బలు తగ్గాయి. ముందుకి వేశాడు. మళ్లీ బాదాయి. ఆయన ఏమీ అనలేదు, ఏమీ చెయ్యలేదు, ఊరికే గుమ్మంలో నిలబడ్డాడు. అదే చాలింది.

ఈ నవ్వులన్నింటిలో ఒక్కటైనా నిజమైనది ఉండాలని వెతుక్కుంటూ నజీర్ దగ్గరికి వెళ్లాడు. భుజం మీద చెయ్యి వేశాడు. ఎప్పుడూ వేసే చెయ్యే. "ఏం నజీర్, ఎలా ఉన్నావు?" బిళ్ల అంత గట్టిగా అంతకుముందు కొట్టలేదు. "మీ దయవల్ల బావున్నాను సార్," అన్నాడు నజీర్ నవ్వుతూ. దివాకర్ చెయ్యి తీసేశాడు. కాల్చుకున్నవాడిలా తీసేశాడు.

ఇంటికి వెళ్లడానికి ఆ రోజు భయమేసింది. బిళ్ల పీకి జేబులో వేసుకోవాలని దారిపొడుగునా అనిపించింది. గేటు గొళ్లెం తీశాడు. లోపల టీవీ ఆగిపోయింది. రోజూ ఆగుతుంది. ఇన్నేళ్లలో అది తన గొళ్లెం చప్పుడుకే ఆగుతోందని ఇవాళే తట్టింది. చెప్పులు విప్పుతుండగానే, తలుపు అవతల ఉన్న ఇద్దరి గుండెలూ ఆయన ఛాతీ మీద కొట్టుకోవడం మొదలుపెట్టాయి.

"కాళ్లు కడుక్కుని రండి, వడ్డించేస్తాను," అంది కుసుమ, మామూలుగానే.

భోజనాల దగ్గర ఆయన కూతురితో, "ఆ పశువైద్యం సంగతి ఏమైంది తల్లీ?" అన్నాడు. ఎంత మెత్తగా అనగలడో అంత మెత్తగా అన్నాడు. బిళ్ల ఎగిరిపడింది. ఆ మెత్తదనమంటేనే ఆ పిల్లకి ఎక్కువ భయం.

"ఏం లేదు నాన్నా. ఎప్పుడో వదిలేశాను."

నీ ఇష్టం అన్న మాట అలవాటుగా నాలుక దాకా వచ్చింది. అన్నం ముద్దతో పాటు మింగాడు. "మృదులా, నేనంటే నీకు భయమా?"

"లేదు నాన్నా," అంది వెంటనే. మొహంలో ఏ మార్పూ లేదు. ఇంత చక్కగా అబద్ధం ఆడటం ఏ వయసులో నేర్చుకుందో ఈ పిల్ల. కుసుమ పక్కనుంచి, "భయమేంటండీ, మీరెప్పుడైనా ఒక్క మాటన్నారా?" అంది. ఇద్దరి గుండెలూ కలిసి కొడుతున్నాయి. ఏది ఎవరిదో తెలియలేదు.

చెయ్యి కడుక్కునే నెపంతో లేచి, కుళాయి పూర్తిగా తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాడు. సిగ్గుతో ఏడ్చాడు. కుళాయి ఆపేటప్పటికి కూడా ఆ సిగ్గు తగ్గలేదు. బయటికి వెళ్తే మళ్లీ బిళ్ల కొడుతుందని, అక్కడే తువ్వాలు పట్టుకుని నిలబడ్డాడు.

విచారణ సంఘం అధ్యక్షుడి దగ్గరికి తనే వెళ్లాడు. జరిగినదంతా చెప్పాడు. అధ్యక్షుడు ఇబ్బందిగా కదిలాడు.

"దివాకర్ గారూ, సెన్సరు లోపమని రాసేస్తున్నామండీ. ఆవిడెలాగూ రాజీనామా చేసేసింది. అందరి మర్యాదా నిలుస్తుంది. మీరిలా... మీ వల్ల భయమని... అదేం రాస్తామండీ రిపోర్టులో?"

"అలాగే రాయండి. సున్నా తీసినప్పుడు డైరెక్టరు గదిలో ఉన్నాడు, తప్పని చెప్పిన ఇంజనీరు నోరు మూయించాడు అని రాయండి. ఇందుమతి పేరు తీసేయండి."

"పదవి పోతుందేమో."

"పోనివ్వండి."

ఇలా అన్నప్పుడు తను చాలా గొప్పవాడినన్న తృప్తి ఒక్క క్షణం కలిగింది ఆయనకి. మరుక్షణం ఆ తృప్తికి కూడా సిగ్గుపడ్డాడు. ఆస్పత్రిలో ఆ పిల్ల ఇంకా చెంచా పట్టుకోవడం నేర్చుకుంటోంది.

పదవి వెంటనే పోలేదు. పైవాళ్లు ఆలోచిస్తామన్నారు. కొత్త సున్నాతో మళ్లీ గోళం దించాలి, ఎవరి ఆధ్వర్యంలో దించాలో కేంద్రమే తేల్చుకుని చెప్పాలన్నారు. ఇందుమతి ఉద్యోగంలోకి తిరిగొచ్చింది, పావని కోసం వచ్చానని మొదటిరోజే చెప్పింది.

దివాకర్ అందరినీ ల్యాబులో కూర్చోబెట్టాడు. ఛాతీ మీద బిళ్ల ఉంది. "వచ్చే డైవ్‌కి నేనుండాలా, వద్దా? మీరే చెప్పండి. ఎవరేమన్నా నేనేమీ అనుకోను," అన్నాడు.

"మీరు లేకపోతే ఎలా సార్?" అన్నారొకరు. "మీరే ఉండాలి సార్," అన్నారు ఇంకొకరు. మొహాలు నవ్వాయి. ఛాతీ మీద దెబ్బలు రెట్టించాయి. తన నోట్లోంచి వచ్చినంతకాలం ఆ ప్రశ్న కూడా ఆజ్ఞే అని ఆయనకి అప్పుడు తెలిసింది. ఇందుమతివైపు చూశాడు. ఆమె బల్లవైపు చూస్తోంది.

ఆయన చొక్కా గుండీ విప్పి బిళ్ల ఊడదీశాడు. ఇందుమతి ముందు పెట్టాడు. "నేను బయట కూర్చుంటాను. మీరు తేల్చుకుని ఎవరైనా వచ్చి చెప్పండి." తలుపు తనే వేసుకుని వెళ్లాడు.

సరుగుడు చెట్ల కింద గాలి హోరుగా ఉంది. లోపల ఎవరిదో గొంతు లేచింది. దాని మీద ఇంకోటి. "ఆయనొచ్చి అడిగితే అలా అన్నావు, ఇప్పుడిలా అంటావేంటి?" "నువ్వన్లేదా మరి?" "పావని దగ్గరికెళ్లి చెప్పు ఆ మాట!" ఏదో కుర్చీ జరిగింది. ఇందుమతి గట్టిగా, చాలా గట్టిగా ఏదో అంది. తన కేంద్రంలో పోట్లాట జరుగుతోంది. అరుపులూ కేకలూ. దివాకర్ మోకాళ్ల మీద మోచేతులు పెట్టుకుని, తలదించుకుని వింటూ కూర్చున్నాడు. తన పేరు చాలాసార్లు వినపడింది. ఏ ఒక్కసారీ చివర గారు లేదు.

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. నజీర్ వచ్చాడు. మొహంలో నవ్వు లేదు. పదేళ్లలో నవ్వులేని నజీర్ మొహం ఆయన చూడలేదు. కాస్త దూరంలో ఆగిపోయాడు. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"సార్," అన్నాడు. "మీరుండొద్దన్నారు సార్ అందరూ. డైవ్‌కే కాదు. ల్యాబులోకి కూడా కొన్నాళ్లు రావద్దన్నారు." కళ్లు దించకుండా, "నేను కూడా అన్నాను సార్," అన్నాడు.

దివాకర్ చెయ్యి కళ్లజోడు దాకా లేచింది. నజీర్ కళ్లు చేతిని పట్టుకున్నాయి. ఛాతీ మీద బిళ్ల లేకపోయినా నజీర్ గుండె ఆయనకి వినపడింది. చెయ్యి దించి, రెండు మోకాళ్ల మధ్య పెట్టుకుని, బిగించి పట్టుకున్నాడు. మూడు మాటలు నోట్లో ఉన్నాయి. సరే, నీ ఇష్టం. మూడూ పాతవే. ఒక్కటీ బయటికి రానివ్వలేదు.

"ఎందుకో చెప్పు నజీర్," అన్నాడు. "మొదటినుంచీ చెప్పు. కూర్చో."

నజీర్ కూర్చోలేదు. వెళ్లిపోనూ లేదు. ఓసారి వెనక్కి తిరిగి తలుపువైపు చూసి, నిలబడే చెప్పడం మొదలుపెట్టాడు.